పదకొండో పేజీ సగంలో

ఈ మధ్య కథలు రాసే కుర్రవాళ్ళు కొందరు మా ఇంటికి వచ్చిపోతున్నారు. తమ పుస్తకాలు తామే అచ్చు వేయించుకునే రకం. మంచం వాల్చీ వాల్చకముందే అడుగుతారు: "తాతా, కథ ఎన్ని పేజీలుంటే మంచిది?" ఒకడు పది ఉండాలన్నాడు. ఇంకొకడు, జనానికి ఓపిక లేదంట, నాలుగు చాలంట అన్నాడు. నీ ఆకలికి ఎన్ని ముద్దలు పడతాయో పక్కింటాయన్ని అడిగి తింటావా అని కసిరాను. వాడు నొచ్చుకున్నాడని తర్వాత తెలిసింది. నొచ్చుకోనీ. ఈ ప్రశ్న నన్ను మొట్టమొదట అడిగిన మనిషికి ఆ రోజు నేను సరైన జవాబు చెప్పలేదు. అందుకే ఇప్పుడు అడిగినవాడి మీదల్లా అరుస్తున్నానేమో.

అది యుద్ధం నడుస్తున్న కాలం. మార్కాపురం కర్నూలు జిల్లా కింద ఉండేది, జిల్లా మద్రాసు కింద, మద్రాసు దొరల కింద ఉండేవి. మేము అందరి కింద ఉండేవాళ్ళం. మా నాయన పలకల పని చేసేవాడు, నేనూ అదే చేశాను. గనిలోంచి వచ్చిన రాతిని ఉలితో పొరలు పొరలుగా చీల్చి, అరగదీసి, చెక్క చట్రం బిగిస్తే పలక. దేశంలోని పిల్లలందరూ మేము చేసిన పలకల మీద అ ఆలు దిద్దుకున్నారు. మా పాలెంలో పిల్లలకు మాత్రం బడి లేదు. రైలుకు పోయే పలకల పెట్టెల మీద ఊర్ల పేర్లు తెలుగులో రాసేవాళ్ళు. ఆ పేర్లు చూసి చూసి అక్షరాలు నేర్చుకున్నాను. నాకు తెలిసిన మొదటి మాటలు అమ్మ, ఆవు కావు. గుంతకల్లు, బెజవాడ. ఆ తర్వాత మా ఇంట్లో ఉన్న ఒకే ఒక పుస్తకం, బైబిలు, వేలు పెట్టుకుని చదివాను. ఏ పంతులూ నాకు బెత్తం చూపించలేదు. ఆ గర్వం ఇప్పటికీ ఉంది. దాచుకోను.

పలకల మనిషిని గదా, రాతిలో పొర ఎక్కడుంటే అక్కడే చీలుతుంది, కథ కూడా అంతే అని చెబుతానని మీరు అనుకుంటూ ఉంటారు. చెప్పను. రాయి చీలితే ఎవరూ చావరు.

నాకు పెళ్ళయింది. పిల్లది బేస్తవారిపేట దగ్గరి పల్లె. తల్లీ కూతురూ మేకలు కాచుకుని బతికేవాళ్ళు, తండ్రి ఎప్పుడో పోయాడు. ఆమె నా ఇంట్లో రెండు వానాకాలాలు ఉంది. రెండో వానాకాలంలో చలిజ్వరం వచ్చింది. నల్లమల అంచున ఉన్న ఊళ్ళలో అది ప్రతి ఏడూ వచ్చే చుట్టం. వస్తుంది, వణికిస్తుంది, పోతుంది. జ్వరమని పని మానేసిన మనిషిని నేను అప్పటికి చూడలేదు. ఆ పొద్దున నేను పనికి బయలుదేరాను. గడప దాటుతుంటే ఆమె కప్పుకున్న కంబడి కిందినుంచి, "సద్ది మరిసినావు" అన్నది. వెనక్కి వచ్చి సద్దిమూట తీసుకుని పోయాను. మధ్యాహ్నం తిన్నాను. సాయంత్రం వచ్చేసరికి ఆమె లేదు. పాలెంలో అందరూ చెనక్కాయ చేలకు కూలికి పోయి ఉన్నారు. ఎప్పుడు పోయిందో, ఏమన్నదో, చూసినవాళ్ళు ఎవరూ లేరు.

నాకు ఏడుపు రాలేదు. వస్తుందని కొన్నాళ్ళు చూశాను. తర్వాత చూడడం కూడా మానేశాను. పొద్దున లేస్తున్నాను, రాళ్ళు చీలుస్తున్నాను, ఎవరు ఏది పెడితే అది తింటున్నాను. నూతి దగ్గర ఆడవాళ్ళు వినపడేటట్టే అనుకునేవాళ్ళు.

"మేక చస్తేనే మూడు రోజులు మొగం ఏలేస్తారే, ఈయన జూడు, గుండు లాగుండాడు."

"రెండోది యాడన్నా చూసి పెట్టినారేమోలే!"

అన్నీ వినపడేవి. ఏ మాటా తగిలేది కాదు. దెబ్బ తగిలిన చెయ్యి తిమ్మిరెక్కితే, అది మన చెయ్యే అని తెలుస్తుంది గాని మనది కానట్టు ఉంటుంది చూడండి, అట్లా.

ఆ రోజుల్లోనే రాయడం మొదలుపెట్టాను. ఎందుకని అడిగితే చెప్పలేను. ఓదార్పు అంటారు, గుండె బరువు అంటారు. నాకు ఆ బరువూ లేదు, ఆ ఓదార్పూ రాలేదు. చేతికి పని లేనప్పుడు చెయ్యి చేసిన పని, అంతే. కాగితం దొరికే కాలం కాదు. పెళ్ళి శుభలేఖకే పదిమందిని అడుక్కోవాలి. పలకలు మాత్రం, అంచు విరిగినవి, గీత పడినవి, కావలసినన్ని. వాటి మీద రాసి గోడకు వరసగా ఆనించేవాణ్ణి. ఆమె ఎట్లా వచ్చిందో రాశాను. మేకలను గొంతు బట్టి పోల్చుకునేది, మనుషులను మాత్రం పోల్చుకోలేక మా చిన్నాయన్ని పట్టుకుని నేననుకుని నవ్విందని రాశాను. మాట తక్కువ అని రాశాను. సంగటి తిరగేసేటప్పుడు తెడ్డుకు అంటిన ముద్దను నాకు తెలియకుండా తానే నాకేదని రాశాను. జ్వరం గురించి రాశాను. సద్ది గురించి రాశాను. "మధ్యాహ్నం ఆ సద్ది తిన్నాను" అని రాసి ఇంకో పలక తీసుకున్నాను. ఆ పలక మీద ఏమీ రాలేదు. మర్నాడూ రాలేదు. పూడ్చడం రాద్దామని చూశాను. మట్టి వేశాము అని రాసి తుడిచాను, అబద్ధం కాకపోయినా నాది కాదనిపించింది. అప్పుడు నాకు అర్థమైంది, కథ అయిపోయింది. సాయంత్రం నేను ఇంటికి వచ్చిన సంగతి కథకు అక్కర్లేదు. అది నా సంగతి.

దాన్ని అచ్చు వేయించాలనుకున్నాను. మార్కాపురంలో అప్పుడు కాలితో తొక్కే యంత్రం ఉన్న అచ్చాపీసు ఒకటి ఉండేది. శుభలేఖలు, దుకాణాల బిల్లు పుస్తకాలు, పలకల పెట్టెలకు అంటించే చీటీలు వేసేవాళ్ళు. ఆ చీటీలు తెచ్చేది నేనే కాబట్టి అచ్చాపీసాయన నన్ను ఎరుగును. పెద్ద మనిషి, నోరు పెద్దది, మనసు చెడ్డది కాదు. యుద్ధానికి ముందు కొని ఉంచుకున్న కాగితం కొంచెం ఉందన్నాడు. చట్రాలు కోయగా మిగిలిన టేకు చెక్క నా దగ్గర ఉంది, ఆయనకు అక్షరాల పెట్టెలు చేసి ఇస్తానన్నాను. బేరం కుదిరింది.

అక్షరాలు కూర్చాక నన్ను పిలిపించాడు.

"ఏమయ్యో కథల మేస్త్రీ! కొంప ముంచినావు గదా!"

"ఏమైంది అయ్యా?"

"ఏమైందా? పేజీలు ఎనిమిదెనిమిది లెక్కన పడతాయి గదా మనకు. ఎనిమిదికి ముగించినావా, లేదు. పదారుకు పోయినావా, లేదు. పదకొండో పేజీ సగంలో కూలబడినావు. మిగతాది నేనేం జేసుకోను, దోసెలు పోసుకోనా?"

"తెల్లగా వదిలెయ్యండి అయ్యా."

"తెల్లగా!" అని ఆయన నుదురు కొట్టుకున్నాడు. "ఈ కాలంలో తెల్లకాగితం వదిలేస్తే పోలీసోడు పట్టుకపోతాడు. ఇగో, కొనేవాడు ఏం జేస్తాడో తెలుసా? ముందు పుస్తకం చేతిలో పట్టుకుని బరువు చూస్తాడు, తర్వాత ఆఖరి పేజీ తిప్పుతాడు. ఆఖరి పేజీ బోడిగా ఉంటే ఏమనుకుంటాడు? అయినా కథ ఎన్ని పేజీలుండాలో ముందు అనుకోవద్దూ?"

ఇదే ఆ ప్రశ్న.

ఆయన ఆఖరి పేజీ ప్రూఫు ఇంకోసారి చదివాడు. "సద్ది తిన్నాను, అని ఆపినావు. అయితే ఆ పిల్ల బతికిందా చచ్చిందా?"

"చచ్చిపోయింది."

"మరి ఆ మాట రాయలేదే?"

"చదివినవాడికి తెలుస్తుంది."

"వాడికి తెలిసేది వేరు, వాడికి కావల్సింది వేరు. వాడికి ఏడుపు గావాల. ఏడుపు లేని చావు, చారు లేని అన్నం! నా మాట విను. ఆ పిల్లను ఇంకో వారం బతికించు. జ్వరంలో పలవరించనీ, పాత సంగతులు చెప్పనీ, వైద్యుడు రానీ, తల ఆడించనీ. పదారు నిండుతాయి. నీ చేతిలో పనే గదా, నీకేం ఖర్చు?"

ఆయన నవ్వుతూనే అన్నాడు. ఎవరి కథ అని ఆయనకు చెప్పలేదు నేను. కథల పుస్తకం అన్నాను, కథ అనుకున్నాడు. ఇంకో వారం బతికించు. యంత్రం పక్కన సిరా డబ్బా ఉంది, దాని మూత సరిగ్గా లేదు. ఆ మూత సరిచేసి పెట్టాను.

"వద్దులే అయ్యా. తెల్లగానే ఉండనీ."

"పోనీ రెండు నెమళ్ళ బొమ్మ ఉంది, అది వేసేదా? పోయిన మాసం పెళ్ళికి కొట్టినా."

"నెమళ్ళు వద్దు."

"నీ ఇష్టం నాయనా, నీ పుస్తకం, నీ గాచారం" అన్నాడు. అట్లాగే అచ్చయింది. పదకొండో పేజీ సగం దాకా కథ, ఆ తర్వాత అంతా తెలుపు.

కట్ట సంకలో పెట్టుకుని సెలవు దొరికిన రోజున సంతలకు, బస్సుల దగ్గరికి, కురిచేడు రైలు స్టేషనుకు పోయేవాణ్ణి. అచ్చాపీసాయన చెప్పినంతా జరిగింది. అందరూ బరువు చూశారు. అందరూ ఆఖరి పేజీ తిప్పారు.

"ఏందిది, సగమే అచ్చయ్యిందా?"

"సిరా అయిపోయిందేమోలే మామా!"

ఒకతను మాత్రం ఎగబడి కొన్నాడు. దుకాణదారుడు. "తెల్లకాగితాలు ఎక్కువున్నది చూసి ఇయ్యి" అన్నాడు. అన్నిట్లో సమానమే అన్నాను. నాలుగు తీసుకున్నాడు, నా ఎదురుగానే తెల్ల ఆకులు చించి మడిచి జేబులో పెట్టుకున్నాడు, కథ ఉన్న ముక్క నాకే తిరిగి ఇయ్యబోయాడు. "ఇది నువ్వే ఉంచుకో అబ్బాయా, ఇంకొకరికి అమ్ముకుందువు" అని. మంచికే అన్నాడు. ఆ రోజు నాకు కోపం రాలేదు. కోపం ఇప్పుడు, ముసలితనంలో వస్తున్నది. అప్పుడు రావలసినవన్నీ నాకు ఇప్పుడు వస్తున్నాయి, ఏడుపు తప్ప.

నా లెక్కలో అమ్మకం పెద్ద సంగతి కాదు. మొదటి ప్రతి మా అత్తకని పక్కన పెట్టి ఉంచాను. ఆమెకు చదువు రాదు, కాబట్టి నేనే చదివి వినిపించాలి. ఒక ఆదివారం పోయాను. ఆమె మేకల దొడ్డి ముందు కూర్చుని తుమ్మకాయలు దంచుతున్నది. కూతురు పోయాక ఆమె కూడా పెద్దగా ఏడ్చింది లేదని మా పాలెంలో చెప్పుకున్నారు. ఇద్దరికిద్దరం.

"దాని కథా?" అన్నది. రోకలి పక్కన పెట్టి చీరకొంగుతో చేతులు తుడుచుకుంది. "చదువు నాయనా."

చదివాను. మా పక్క కథ చెబితే వినేవాళ్ళు ఊ కొట్టాలి. ఊ ఆగిందంటే నిద్రపోయారని అర్థం, చెప్పేవాడు ఆపేస్తాడు. ఊ ఉన్నంతసేపు ఆపకూడదు. ఆమె ప్రతి వాక్యానికీ ఊ అన్నది. మా చిన్నాయన్ని చూసి నేననుకున్న చోట, "అవ్, దానికి మనుషుల మొగాలు గుర్తుండవు" అన్నది. తెడ్డు నాకే చోట ఏమీ అనలేదు, ఊ మాత్రం కొంచెం ఆలస్యంగా వచ్చింది. సద్ది దగ్గరికి వచ్చాను. మధ్యాహ్నం ఆ సద్ది తిన్నాను.

"ఊ" అన్నది.

నేను పుస్తకం మూశాను.

"ఊ. తర్వాత?"

"అయిపోయింది అత్తా."

"ఎట్ల అయిపోతాది? ఇంకా ఆకులుండాయి గదా." పుస్తకం నా చేతిలోంచి తీసుకుని తిప్పింది. చదువు రాకపోయినా తెలుపూ నలుపూ తెలుస్తాయి. "ఇవి యాల తెల్లగుండాయి? రాసేదానికే గదా చోటు పెట్టినావు?"

"కాదు అత్తా. కాగితం మిగిలింది."

"మిగిలిందా? మధ్యానం నుంచి సాయంత్రం దాకా ఎంత పొద్దుంది! ఆ పొద్దంతా అది ఏం జేసింది? నీళ్ళడిగిందా? నన్ను పిలిచిందా?"

"నేను లేను గదా అత్తా."

"నువ్వు లేవు, నేను లేను. అందుకే గదా రాయమనేది! చూసిన కాడికి రాసేదానికి నువ్వెందుకు? రాత నేర్చినోడివి, ఆ మాత్రం తెలుసుకోలేవా?"

రాసేవాడికి అన్నీ తెలుస్తాయని ఆమె అనుకున్నది. అట్లా అనుకోవడంలో తప్పు లేదు. పుస్తకంలో ఉన్నది ఎవరో చూస్తేనే గదా రాసి ఉంటారని చదువులేనివాళ్ళ నమ్మకం. మేకలు గోల చేస్తున్నాయి. ఆమె లేచి తుమ్మకాయలు వేసి వచ్చింది. పుస్తకం మాత్రం కొంగులో కట్టుకుంది. నేను బస్సుకు వచ్చేశాను.

తర్వాత వాన తగ్గి చలి మొదలయ్యింది. ఒక రోజు మధ్యాహ్నం పనిలో ఉండగా, "నీకోసం ముసలామె వచ్చింది" అన్నారు. పలకల కార్ఖానా ముందు మా అత్త నిలబడి ఉంది. బొగ్గుతో నడిచే బస్సులో వచ్చిందేమో ముఖమంతా మసి. ఎప్పుడూ మార్కాపురం రాని మనిషి. అరుగు మీద కూర్చోబెట్టి నీళ్ళిచ్చాను. ఆమె తాగలేదు.

"ఇగో" అని కొంగు విప్పి పుస్తకం తీసింది. "నువ్వు రాయకపోతే రాసేవాళ్ళు లేరనుకున్నావా?"

తెల్ల పేజీలు నిండిపోయి ఉన్నాయి. చేతిరాత. అక్షరాలు గుండ్రంగా, గీటు పెట్టి రాసినట్టు వరసగా. వాళ్ళ పల్లెలో మిషను బడి పంతులు, ఆదివారం ప్రసంగం కూడా ఆయనే చెబుతాడు, ఆయన చేత రాయించింది. మా క్రైస్తవుల ఇళ్ళలో పుట్టుకలూ చావులూ బైబిలు ముందు తెల్లకాగితం మీద పంతులు చేత రాయించుకోవడం మామూలే. ఆమెకు తెల్లకాగితం అంటే అదే.

"దీన్ని గూడా అచ్చేయించు. పంతులు చెప్పినాడు, ఇది కలిపి అచ్చయితే చుట్టుపక్కల బడులన్నిట్లో తీసుకుంటారంట. నీ కట్టలన్నీ ఊడ్చుకపోతాయంట."

"ఏం రాసినాడు?"

"నువ్వే చదువు. నాక్కూడా ఇంకోసారి వినాలనుంది."

చదివాను. పలకలు చీల్చేవాళ్ళు ఇద్దరు ముగ్గురు మధ్యాహ్నం ముద్ద చేతబట్టుకుని చుట్టూ చేరారు. పంతులు మంచి గ్రాంథికం రాశాడు. ఆమె పడక మీద నుంచి లేచి కూర్చుంది. కిటికీలోంచి వెలుగు వచ్చింది. మా ఇంటికి కిటికీ లేదు. ఆమె చేతులు జోడించి, "ఓ ప్రియ జననీ! నా నిమిత్తము విలపింపకుము. నేను మహిమగల ఇంటికేగుచున్నాను" అన్నది. ఇంకా చాలా అన్నది. భర్తకు క్షమాపణ చెప్పింది, దేనికో రాయలేదు. ఊరికి బుద్ధి చెప్పింది. సారా మానమన్నది. రెండు పేజీలు మాట్లాడింది. ప్రతి వాక్యంలో పంతులు ఆమె పేరు పెట్టాడు. ఆమె పేరు లేచెను, ఆమె పేరు పలికెను, ఆమె పేరు కన్నులు మూసెను.

చుట్టూ ఉన్నవాళ్ళలో ఒకడు కళ్ళు తుడుచుకున్నాడు. "ఇదిరా కథంటే!" అన్నాడు. అచ్చాపీసాయన చెప్పిన ఏడుపు అదే కాబోలు.

నేను ముగించి తలెత్తాను. చదువుతున్నంతసేపూ మా అత్త ఒక్క ఊ కూడా అనలేదని అప్పుడు గమనించాను.

"అత్తా, ఇది జరగలేదు" అన్నాను.

"తెలుసులే."

"తెలిసే అచ్చెయ్యమంటున్నావా?"

"అది అన్ని మాటలు యాడ మాట్లాడతాది? ఏడవొద్దని చెబుతాదా అది నాకు! 'మేకలకు నీళ్ళు బెట్టినావా లేదా' అంటాది. సారా సంగతి దానికెందుకు? ఆ పంతులుకు మా ఊళ్ళో తాగుబోతుల మీద కసి, దాని నోట్లో బెట్టినాడు. నేను గుడ్డిదాన్నా?"

"మరి ఎందుకు ఇంత దూరం వచ్చినావు?"

ముద్ద తింటున్నవాళ్ళు ఒక్కొక్కరే లేచి లోపలికి పోయారు.

"ఆయన దాని పేరు అంటాడు నాయనా" అన్నది. "ఆదివారం ఆదివారం చదివించుకుంటున్నా. చదివినప్పుడల్లా పేరంటాడు. నీ దాంట్లో అది యాడుంది? మొదటి నుంచి జూస్తున్నా, వచ్చింది, పోయింది, తిన్నది, అన్నది. ఎవురు? ఎవురైనా కావచ్చు. పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేకుండా పోయినారు దానికి. మా ఊళ్ళో గూడా అందరూ 'నీ కూతురు' అంటారు, 'చచ్చిపోయిన పిల్ల' అంటారు. పెట్టిన పేరొకటుంది గదా."

మా కాలంలో మొగుడు పెళ్ళాం పేరు నోటితో అనేవాడు కాదు. పెళ్ళామూ అనేది కాదు. ఇదిగో, ఇంట్లోవాళ్ళు, మా పిల్ల, ఇట్లా ఏదో ఒకటి. ఆమెను నేను రెండేళ్ళలో ఒక్కసారి కూడా పేరు పెట్టి పిలవలేదు. రాసేటప్పుడు కూడా చేతికి ఆ పేరు రాలేదు. రాలేదని కూడా నాకు తెలియలేదు. ఆమె, ఆమె అనే రాసుకుంటూ పోయాను. అందరికీ కథ పొట్టిదని తోచింది. పంతులుకు తోచింది, అచ్చాపీసాయనకు తోచింది, సంతలో వాళ్ళకు తోచింది. తక్కువైంది ఏందో ఈమె ఒక్కతే చెప్పింది. అయితే ఆమెకు కూడా అది పేజీల లాగే కనపడింది, పాపం. ఆకులు మిగిలి ఉన్నాయి కాబట్టి.

"పంతులు రాసింది నేను అచ్చెయ్యను అత్తా" అన్నాను.

"వద్దులే."

"నేను రాసిందే ఇంకోసారి చదువుతా. కూర్చో."

మొదటి పేజీ తీశాను. ఆమె అని ఉన్న చోటల్లా పేరు పెట్టి చదివాను. ఆ పేరు ఇక్కడ రాయను, అది అచ్చుకు కాదు. మొదటిసారి నోటికి రాలేదు, గొంతులో దుమ్ము పడ్డట్టయింది. అది దుమ్మే, పలకల కార్ఖానాలో గాలంతా దుమ్మే. దగ్గి మళ్ళీ అన్నాను. ఆ తర్వాత వరసగా వచ్చింది. పేరు వచ్చింది. పేరు నవ్వింది. పేరు తెడ్డు నాకింది. నా గొంతు ఎట్లా ఉందో నాకే వినపడుతున్నది, హాజరు పిలిచినట్టుంది. నాకు ఏమీ అనిపించలేదు. అనిపించిందని రాస్తే ఇప్పుడు బాగుంటుంది, కాని అనిపించలేదు. మా అత్త మోకాళ్ళ మీద గడ్డం ఆనించి వింటున్నది. పేరు వచ్చినప్పుడల్లా ఆమె పెదవులు కూడా కదిలాయి.

పదకొండో పేజీకి వచ్చాను. గడప దాటుతుంటే సద్ది మరిచావన్న చోట పేరు పెట్టాను. వెనక్కి వచ్చి తీసుకున్నాను. మధ్యాహ్నం ఆ సద్ది తిన్నాను.

మేస్త్రీ లోపలి నుంచి నన్ను కేకేశాడు. వస్తున్నానని చెయ్యి చూపించాను.

మా అత్త తర్వాత ఏమని అడగలేదు. పుస్తకం తీసుకుని పంతులు రాసిన పేజీలు ఒకసారి వేలితో తడిమింది.

"ఇవి చించేసేదా?" అన్నాను.

"ఎందుకు నాయనా. కష్టపడి రాసినాడు, చించినానంటే మనసు కష్టపెట్టుకుంటాడు. ఉండనీ." కొంగులో కట్టుకుని లేచింది. నీళ్ళ చెంబు అప్పుడు ఎత్తి గటగటా తాగింది. "బస్సు పొయ్యేదానికి ముందు ఆకు, వక్క తీసుకోవాల. దుకాణం యాడుంది?"

చూపించాను. ఆమె ఎండలో నడిచి పోయింది. నేను లోపలికి పోయి ఉలి తీసుకున్నాను. అప్పటికి మా వరసలో వాళ్ళందరూ చాలా పలకలు చీల్చేసి ఉన్నారు.